సీసము కంటికి కనబడదు

ఆరంబాక్కం దాటితే తమిళనాడు ముగిసి ఆంధ్రదేశము మొదలగును. తూర్పున పులికాట్ సరస్సు, దక్షిణమున గుమ్మిడిపూండి పారిశ్రామికవాడ. ఆ వాడలో పాత బ్యాటరీలనుండి సీసము కరిగించి తీయు కర్మాగారములు కూడ కలవు. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు తెలుగు మాట్లాడు నేత కుటుంబములెన్నో ఉన్న జిల్లా ఇది. కనుక ఈ సంగతి మన పత్రికకు సంబంధము లేనిది కాదు.

అసలు సీసము మన వృత్తికి కొత్తది కాదు. పూర్వము నూలుకు క్రోము పసుపు వేసేవారు. నూలును సీసపు ఆసిటేటు నీటిలో నానబెట్టి, పిండి, పొటాషియం బైక్రోమేటు నీటిలో ముంచితే పోగులోనే పసుపురంగు పుట్టును. దానినే సున్నపునీటిలో మరిగిస్తే నారింజరంగు తేలును. చూడ ముచ్చటైన రంగే. కాని ఆ నూలు తోడునప్పుడు లేచే దుమ్ములోను, పారబోసిన అద్దకపు నీటిలోను సీసముండును. అది కుళ్ళిపోదు, ఎండకు ఆవిరికాదు. పడినచోట మట్టిలో ఏండ్ల తరబడి నిలిచియుండును.

ఒంటిలో చేరిన సీసము ఎముకలలో దాగును. పెద్దలకంటె పిల్లలు దానిని ఎక్కువగా పీల్చుకొందురు. వారి మెదడు ఎదుగుదల దెబ్బతినును. చెన్నైలో 3 నుండి 7 ఏండ్ల వయసుగల 756 మంది పిల్లల రక్తమును పరీక్షించి 2009లో ప్రకటించిన పరిశోధనలో సగటు డెసిలీటరుకు 11 మైక్రోగ్రాములకు పైగా తేలినది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 మైక్రోగ్రాములు ఉన్నా కారణము వెదకి తొలగించవలెనని చెప్పినది. సీసము కలిపిన పెట్రోలు మన దేశమంతటా 2000లో ఆగిపోయినది. అయినా పాత మట్టి అలాగే ఉన్నది గదా!

ఇక ఏలూరు సంగతి. తివాచీల నేతకు పేరుపొందిన ఆ పట్టణములో 2020 డిసెంబరులో కొద్ది దినములలోనే వందలాది జనులు మూర్ఛలతో పడిపోయిరి. ఢిల్లీ ఎయిమ్స్ వారు రోగుల రక్తములో సీసము, నికెలు ఉన్నవని మొదట చెప్పిరి. తరువాత నిపుణులు పురుగుమందుల అవశేషములే ముఖ్యకారణమని తేల్చిరి. మరి ఆ సీసము ఎక్కడిది? అంతకుముందు ఆ ఊరివారి రక్తములో ఎంత ఉండెనో కొలిచియుంటే, అది కొత్తగా చేరినదో ఎప్పటినుండియో ఉన్నదో తెలిసియుండును. జబ్బు వచ్చిన తరువాత కొలిచిన అంకె ఒక్కటే ఉంటే పోల్చి చూచుటకేమున్నది? నా దృష్టిలో ఏలూరు మనకు నేర్పినది ఇదే.

కొలుచుట బ్రహ్మవిద్య కాదు. గాలిలోనిదైతే ఒక యంత్రము 24 గంటలు వడపోత కాగితము గుండా గాలిని పీల్చును. ఆ కాగితమును ఆమ్లములో కరిగించి, సీసపు పరమాణువులు దీపకాంతిని ఎంత మింగినవో మరొక యంత్రములో చూతురు. 2009 ప్రమాణముల ప్రకారము ఘనమీటరు గాలిలో ఏడాది సగటున అర మైక్రోగ్రాము మించరాదు. త్రాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము హద్దు. మామూలు నీటిపరీక్షలో ఉప్పదనము, గట్టిదనము చూచి సరిపెట్టుట కద్దు. సీసము కావలెనంటే పేరు చెప్పి అడుగవలెను.

వంటింటి మాట కూడ ఒకటి. తమిళసీమలో రసము కాచు ఈయపు చెంబు తగరముతో చేయవలసినది. కాని తమిళములో 'ఈయం' అనగా తగరమూ కావచ్చు, సీసమూ కావచ్చు! చౌకకు ఆశపడి సీసము కలిపిన చెంబు కొంటే చింతపండు పులుపు దానిని కరిగించి రసములోనికి దించును. నమ్మకమైన కొట్టులో అడిగి కొనుడు.

అటకమీద పాత క్రోము పసుపు డబ్బాలున్న ఇండ్లవారు వాటిని నూతిలోనో కాలువలోనో పారవేయక మూత బిగించి, పిల్లలకు అందకుండ ఉంచి, కాలుష్య నియంత్రణ మండలివారికి తెలుపవలెను.