పుంగనూరు ఉద్యమానికి తొమ్మిది సీట్లెందుకు?

2022 ఏప్రిల్‌లో రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె జనం రోడ్డెక్కారు. తమ ఊరే జిల్లా కేంద్రం కావాలన్నారు. అలాంటి ఆందోళనకు ఒక జేఏసీ, నాలుగు బ్యానర్లు చాలు. ఎన్నికల్లో దిగాలంటే వేరే లెక్క.

ఆ లెక్క పుంగనూరులో కనిపిస్తుంది. బోడె రామచంద్ర యాదవ్ 2019లో ఇక్కడ జనసేన అభ్యర్థి. ఓడాక రైతు సమస్యల మీద సొంతంగా తిరిగారు. 2022 డిసెంబరులో సదుంలో తలపెట్టిన రైతు సభకు పోలీసులు అనుమతి ఇవ్వలేదు. ఆయన ఇంటిపై దాడి జరిగింది. 2023 జూలైలో భారత చైతన్య యువజన పార్టీ పెట్టారు. ప్రకటన సభ మాత్రం పుంగనూరులో కాదు, గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట.

అంత దూరం ఎందుకు? ఒక కారణం ఎన్నికల నిబంధనల్లోనే ఉండొచ్చు.

పార్టీ నమోదు కష్టమేం కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, స్థాపించిన 30 రోజుల్లో ఎన్నికల సంఘానికి దరఖాస్తు పెట్టాలి. సంఘం నిబంధనల ప్రకారం కనీసం 100 మంది ఓటర్లు సభ్యులుగా ఉండాలి. చిక్కంతా గుర్తు దగ్గర. ఒకే ఉద్యమం తరఫున కుప్పంలో ఒకరు, మదనపల్లెలో ఒకరు ఇండిపెండెంట్లుగా నిలబడితే, ఒకరికి గ్యాస్ సిలిండరు, ఇంకొకరికి బ్యాటు రావచ్చు. కుప్పంలో ప్రచారం చేసినాయన మదనపల్లెలోని చుట్టాలకు ఏ గుర్తు చెప్పాలి?

నమోదైన పార్టీ ఉమ్మడి గుర్తు (అభ్యర్థులందరికీ ఒకే గుర్తు) అడగొచ్చు. అయితే అసెంబ్లీ స్థానాల్లో కనీసం 5 శాతం చోట్ల పోటీ చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలు కాబట్టి, తొమ్మిది. మూడు నియోజకవర్గాల్లో బలమున్నవాళ్లు ఇంకో ఆరుచోట్ల మనుషుల్ని వెతుక్కోవాలి. ఊరి సమస్యతో మొదలైనవాళ్లు రాష్ట్రమంతటి గురించి మాట్లాడక తప్పదు. నన్నడిగితే, ముందు పంచాయతీల్లో పట్టు సాధించడం మేలు. అక్కడ పార్టీ గుర్తులే ఉండవు.

2024లో పుంగనూరు మళ్లీ వైసీపీ నేత పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డికే దక్కింది. కుప్పం, మదనపల్లె టీడీపీకి వెళ్లాయి. కొత్త పార్టీకి ఒక్క సీటూ రాలేదు. రాష్ట్ర పార్టీగా గుర్తింపు దక్కాలంటే, ఉన్న దారుల్లో ఒకటి 6 శాతం ఓట్లు, ఇద్దరు ఎమ్మెల్యేలు.

గెలిచినా పార్టీ నిలుస్తుందన్న హామీ లేదు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో పుట్టిన తెలంగాణ ప్రజా సమితి 1971లో పది లోక్‌సభ స్థానాలు గెలిచి, అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అసలు పోటీయే చేయకపోతే పేరు కూడా మిగలదు. ఆరేళ్లుగా ఏ ఎన్నికల్లోనూ నిలబడని 334 పార్టీలను 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం జాబితా నుంచి తీసేసింది.