కంప్యూటరును తిరిగి తెరచిన పిమ్మట ఇంటర్నెట్టు రానియెడల

ఇటీవల మేము పనిమీద ఒక గ్రామమునకు పోయియుండగా, రాత్రి ఎనిమిది గంటల వేళ ఒక రైతు ఆదుర్దాతో మా బసకు వచ్చెను. ఆయన కుమార్తె ప్రవేశపరీక్షకు దరఖాస్తు పంపుటకు ఆ రాత్రియే కడపటి గడువు. “సాయంత్రం దాకా బాగానే ఉందండీ. కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరు మళ్లీ వెలిగింది గాని ఇంటర్నెట్టు రావడం లేదు” అని ఆయన చెప్పెను.

మేము పోయి చూచునప్పటికే ఇంటివారు తొందరలో రౌటరు వెనుకనున్న సన్నని రంధ్రములో పిన్నీసు గ్రుచ్చి నొక్కియుండిరి. దానితో రౌటరులోని అమరికలన్నియు చెరిగిపోయి, అంతవరకు తెగని సంబంధము కాస్త తెగిపోయెను. పిన్నీసు గ్రుచ్చుటకు ముందు అదే ఇంటిలోని ఫోనులో ఇంటర్నెట్టు వచ్చుచునే యుండెనని తరువాత తెలిసినది. అసలు లోపము కంప్యూటరు గడియారములోనిది. అది కొన్ని సంవత్సరములు వెనుకకు పోయియుండెను. తేదీని సరిదిద్ది, ఫోను హాట్‌స్పాట్ నుండి ఇంటర్నెట్టు నందించి, పదునొకండు గంటలకు దరఖాస్తు పంపగలిగితిమి. ఇంకొక గంట జాగు జరిగినచో ఆ బాలికకు ఒక సంవత్సరము వ్యర్థమై యుండెడిది.

మన దేశములో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చినది. నేడు చదువు, బ్యాంకు పని, ప్రభుత్వ సేవలు దానిపై నాధారపడియున్నవి. కావున అది నిలిచినపుడు ఏ వరుసలో పరిశీలింపవలెనో ప్రతి కుటుంబము తెలిసికొనుట అవసరము.

నీరు ఎక్కడ నిలిచినది?

చేనికి నీరు రానపుడు రైతు జలాశయమువరకు పరుగెత్తడు. ముందు తన బోదెను, తరువాత తూమును, ఆ పిమ్మట కాలువను చూచును. ఇంటర్నెట్టు విషయమును అట్టిదే. బయటినుండి వచ్చు ఫైబరు తీగ కాలువ, గోడకున్న పెట్టె, రౌటరు తూములు, కంప్యూటరు చేను.

మొట్టమొదట అదే వైఫైకి ఒక ఫోనును కలిపి, ఫోనులోని మొబైల్ డేటాను ఆపి చూడవలెను. ఫోనులో ఇంటర్నెట్టు వచ్చినచో కాలువయు తూమును బాగుగనే యున్నవి. లోపము కంప్యూటరులో నున్నది. రౌటరును ముట్టరాదు. ఫోనులోను రానిచో లోపము కంప్యూటరుకు ఇవతలిది కాదు. ఈ యొక్క పరీక్షతో సగము పని తీరును.

దీపములు చెప్పు మాట

ఫైబరు తీగ చేరు పెట్టెమీద చిన్న దీపములుండును. ఎల్.ఓ.ఎస్. అను అక్షరములవద్ద ఎఱ్ఱదీపము మినుకుచున్నచో, ఫైబరు ద్వారా రావలసిన వెలుగు పెట్టెకు చేరుట లేదని యర్థము. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబరు తీగలను చాలచోట్ల విద్యుత్ స్తంభములమీదుగా లాగియున్నారు. గాలివానకు కొమ్మ పడినను తీగ తెగవచ్చును. ఇది ఇంటివారు బాగుచేయదగినది కాదు. కనెక్షను ఇచ్చినవారికి తెలుపవలెను. తీగను మడచుట, విప్పి దాని కొనలోనికి చూచుట ప్రమాదకరము. అందులోని లేజరు వెలుగు కంటికి కనబడకయే కంటికి హాని చేయగలదు.

విద్యుత్తు పోయి వచ్చినపుడు అన్నియు ఒక్కమారుగా మేల్కొనవు. ఫైబరు పెట్టెకు, రౌటరుకు స్విచ్చి వేసి రెండు మూడు నిమిషములు ఆగి, ఆ తరువాతనే కంప్యూటరును తెరచుట మేలు.

కంప్యూటరుకు చిరునామా కలదా?

లోపము కంప్యూటరులోనిదని తేలినచో, ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆపియున్నదా, వైఫై తెరచియున్నదా, మన రౌటరు పేరునకే కలిసియున్నదా యని చూడవలెను. ఆ పేరువద్ద ‘తనంతట తాను కలియుము’ అను గడిలో గుర్తు లేనిచో, తిరిగి తెరచిన ప్రతిమారును మనమే కలుపవలసివచ్చును. తీగతో కలిపినవారు దానిని ఊడదీసి, టిక్కుమను వరకు తిరిగి గ్రుచ్చవలెను. కొన్ని ఇండ్లలో యూజరు పేరు, పాస్‌వర్డు ఇచ్చి కంప్యూటరునుండియే డయల్ చేయు పద్ధతి కలదు. అట్టివారు కంప్యూటరును తెరచిన ప్రతిసారియు మరల డయల్ చేయవలెను.

రౌటరు ప్రతి పరికరమునకు ఒక అంకెల చిరునామా నిచ్చును. సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ వివరములలో దానిని చూడవచ్చును. ఇండ్లలో అది సాధారణముగ 192.168 తో ప్రారంభమగును. 169.254 తో ప్రారంభమైనచో, రౌటరునుండి చిరునామా రాక, కంప్యూటరు తనకు తానే యొకటి కల్పించుకొన్నదని గ్రహింపవలెను. వైఫైని ఆపి తిరిగి తెరువుడు. ఐపీ అమరిక ‘ఆటోమేటిక్’ అని యుండునట్లు చూడుడు. అప్పటికిని రానిచో రౌటరును స్విచ్చివద్ద ఆపి, అర నిమిషము తరువాత వేయుడు.

చిరునామా సరిగనున్నను వెబ్‌సైట్లు తెరచుకొననిచో పేర్ల చిట్టాలో చిక్కు ఉండవచ్చును. వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చు డీఎన్ఎస్ అను ఈ ఏర్పాటును 1983లో పాల్ మాకపెట్రిస్ రూపొందించెను. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆంగ్లాక్షరములతో పింగ్ అని వ్రాసి, ఖాళీ విడిచి, 8.8.8.8 అని కొట్టుడు. జవాబులు వచ్చుచు, పేరుతో మాత్రము సైట్లు రానిచో, డీఎన్ఎస్‌గా 8.8.8.8 గాని 1.1.1.1 గాని ఇచ్చి చూడవచ్చును. పాత ప్రాక్సీ, వీపీఎన్ అమరికలుండినచో తీసివేయవలెను.

గడియారము

మేము చూచిన ఇంటిలో జరిగినది ఇదియే. బల్లమీది కంప్యూటరు లోపల సాధారణముగ సీఆర్2032 అను 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ యుండును. విద్యుత్తు లేనపుడు గడియారమును నడపునది అదియే. అది క్షీణించినచో కరెంటు పోయినపుడెల్ల తేదీ వెనుకకు పోవును. సురక్షిత వెబ్‌సైట్ల ధ్రువపత్రములకు ప్రారంభ తేదీ, గడువు తేదీ యుండును. కంప్యూటరు తేదీ ఆ గడువులో లేనిచో బ్రౌజరు వానిని తెరువ నిరాకరించును. చూచువారికి ఇంటర్నెట్టే పోయినట్లు తోచును. తేదీని, సమయమును, భారత కాలమండలమును సరిచేసిన చాలును. తరువాత బిళ్లను మార్పించుకొనవలెను.

షట్‌డౌన్ వేరు, రీస్టార్ట్ వేరు

విండోస్‌లో 2012 నుండి ‘ఫాస్ట్ స్టార్టప్’ అను ఏర్పాటు కలదు. ఇది యున్నపుడు షట్‌డౌన్ చేసినను కంప్యూటరు తన పూర్వస్థితిలో కొంత భాగమును దాచుకొని, తెరచినపుడు దానినే పైకి తెచ్చును. రీస్టార్ట్ చేసినపుడు మాత్రము సమస్తము క్రొత్తగా ప్రారంభమగును. కాబట్టి షట్‌డౌన్ తరువాత రాని ఇంటర్నెట్టు రీస్టార్ట్‌తో వచ్చినచో, పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపవలెను. రీస్టార్ట్ తరువాతనే పోయినచో, అప్పుడే చేరిన అప్‌డేట్ నెట్‌వర్క్ డ్రైవరును మార్చియుండవచ్చును. డివైస్ మేనేజర్‌లో ‘రోల్ బ్యాక్’ ద్వారా పాత డ్రైవరును తెచ్చుకొనవచ్చును. కడపటి యుపాయము నెట్‌వర్క్ రీసెట్. అది దాచియున్న వైఫై పాస్‌వర్డులను చెరిపివేయును గనుక ముందుగ వానిని వ్రాసియుంచుకొనవలెను.

చేయరాని పనులు

రౌటరు రంధ్రములోని రీసెట్ బొత్తామును కనెక్షను ఇచ్చినవారు చెప్పనిదే నొక్కరాదు. ఫోనులో వెదకి దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబరును నమ్మరాదు. బిల్లుమీద నున్న నంబరుకే ఫోను చేయవలెను. బాగుచేయుదుమని చెప్పి ఫోనులోనో కంప్యూటరులోనో ఏదో యాప్ వేయుమనువారికి, ఓటీపీ అడుగువారికి లొంగరాదు. మోసపోయినచో తక్షణమే 1930 నంబరుకు తెలుపవలెను.

ప్రతి ఇంటిలోను ఒక కాగితముపై వైఫై పేరు, పాస్‌వర్డు, కనెక్షను సంఖ్య, ఫిర్యాదు నంబరు వ్రాసి భద్రపరచుడు. ఫిర్యాదు చేయునపుడు ఏ దీపము ఎట్లున్నది, ఫోనులో ఇంటర్నెట్టు వచ్చుచున్నదా, చిరునామా ఏ అంకెలతో ప్రారంభమగుచున్నది అను మూడు మాటలు చెప్పినచో పని త్వరగ జరుగును. అన్నిటికన్న ముఖ్యము, దరఖాస్తులను కడపటి రాత్రివరకు ఆపకుండుట. కరెంటు మన గడువు నెరుగదు.