తల్లులూ పిల్లలూ కలిసి ఆడుకునే చోట కొన్ని కట్టుబాట్లు

సాయంత్రం మా వార్డు వరండాలో రోజూ చూస్తుంటాము. రోగులకు తోడుగా వచ్చిన తల్లులు ఒకచోట చేరతారు. పిల్లలు నిమిషంలో కలిసిపోయి ఆడుకుంటారు. కాసేపటికి ఒకడు కొడతాడు, ఇంకొకడు ఏడుస్తాడు, ఇక ఆ తల్లులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పిల్లలు మాత్రం అప్పటికే మరచిపోయి ఉంటారు.

మీ వాడలోనూ నలుగురైదుగురు తల్లులు వారానికి రెండు రోజులు పిల్లలతో కలిసి కూర్చోవచ్చు. అంగన్‌వాడీ గది అయినా, చర్చి ఆవరణ అయినా, ఎవరింటి అరుగైనా సరే. దీనివల్ల పిల్లలకు మాటలు వస్తాయి, పంచుకోవడం అలవాటవుతుంది. అయితే మొదటి రోజే అందరూ కూర్చొని కట్టుబాట్లు మాట్లాడుకోవాలి. ఒకరే చెప్పి మిగతావారు తలూపితే అవి వారం కూడా నిలవవు.

జబ్బుగా ఉన్న బిడ్డను తీసుకురాకూడదన్నది మొదటి మాట. "కొంచెం ఒళ్లు వెచ్చగ ఉంది, అంతే సిస్టర్" అంటారు. తట్టు దద్దుర్లు కనిపించడానికి 4 రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుతుంది, కనిపించాక మరో 4 రోజులు అంటుతూనే ఉంటుంది. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేవరకు, విరేచనాలైతే తగ్గిన తరువాత 2 రోజులు బిడ్డ ఇంట్లోనే ఉండాలి. అమ్మవారు పోసిందని దాచిపెట్టకండి. వెంటనే మిగతా తల్లులకు కబురు చేయండి, వారిలో గర్భిణీలు ఉండవచ్చు. తట్టు టీకా 9 నెలలు నిండాక ఒకసారి, 16-24 నెలల మధ్య మరోసారి వేస్తారు. అంతకన్నా చిన్న బిడ్డకు ఆ టీకా ఇంకా పడి ఉండదు. ఆ బిడ్డను కాపాడేది మిగతా పిల్లల టీకా కార్డులే.

మన బాన్సువాడ వైపు చాలామంది తల్లులు బీడీలు చుడతారు. చాట ఒళ్లో ఉండగానే బిడ్డను ఆడిస్తారు. కూలి పోతుందని నాకూ తెలుసు. అయినా ఆ గంటసేపు చాట ఇంట్లోనే ఉండాలి, సబ్బుతో చేతులు కడుక్కొని రావాలి. పాకే పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. తంబాకు మింగితే వాంతులు అవుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. బీడీలు అప్పజెప్పే రోజు తీరిక లేకపోతే పక్కింటి తల్లి ఆ బిడ్డను వెంట తీసుకురావచ్చు.

5 ఏళ్లలోపు పిల్లలకు పల్లీలు, పుట్నాలు, బఠానీలు గింజలుగా పెట్టవద్దు. గొంతులో పల్లీ అడ్డుపడిన బిడ్డను ఎత్తుకొని పరుగెత్తి వచ్చిన ఒక తల్లి ముఖం నేను మరువలేదు. బిడ్డ బ్రతికింది, కానీ ఆ గింజ తీయించడానికి హైదరాబాదు వెళ్లవలసి వచ్చింది. అరటిపండు అయితే అందరికీ సరిపోతుంది.

కొట్టుకుంటే ఎవరి బిడ్డను వారే పట్టుకోవాలి. ఇంకొకరి బిడ్డపై చేయి వేయకూడదు. రెండేళ్ల పిల్లలు కొరకడం మామూలే, మాట రాక కొరుకుతారు.

"మావోడు అప్పుడే నడుస్తుండు, మీ పోరి ఇంక నడుస్తలేదా?" ఈ మాటకే చాలామంది తల్లులు రావడం మానేస్తారు. కొందరు 9 నెలలకే నడుస్తారు, కొందరు ఏడాదిన్నరకు నడుస్తారు. ఏడాదిన్నర దాటినా నడవకపోతే ఆ తల్లికి చాటుగా చెప్పి మా దగ్గరకు పంపండి.

వంతులవారీగా ఒక తల్లి కబుర్లు, ఫోను పక్కనపెట్టి గేటు దగ్గర కూర్చోవాలి. కాలువ గట్టు పక్క ఊళ్లలో ఇది మరీ అవసరం. మొదటి రోజు నానమ్మలను కూడా పిలవండి. పుట్నాలు పెట్టేది ఎక్కువగా వారే.