వేలికి సూది గుచ్చే ముందు

పాలకొల్లు దగ్గర కాలవ గట్టు మీద ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో అత్తగారు మంచం పట్టారు. కాలి మీద పుండు మానటం లేదు. కోడలు ఈమధ్యే చదవటం నేర్చుకుంది. ఒకరోజు పొద్దున్నే పరీక్ష చేసే అబ్బాయి సంచి తగిలించుకుని వచ్చాడు.

"మామ్మగారూ, వేలు ఇలా ఇవ్వండి. సుగరు చూస్తాను" అన్నాడు.

"ఉండు బాబూ!" అంది కోడలు. "ఆ సూది కొత్తదేనా? నా ముందు విప్పు. ఆ డబ్బా మీద తేదీ కూడా చూపించు."

"ఎందుకక్కా అంత అనుమానం?"

"అనుమానం కాదు బాబూ. సంతలో కాటా రాళ్ల మీద ముద్ర చూస్తాం కదా! ఇదీ అంతే."

అబ్బాయి నవ్వి, కొత్త సూది విప్పాడు.

కోడలు అడిగింది న్యాయమే. ఎందుకో తెలుసుకుందాం.

మంచం దగ్గర పరీక్ష

వెనక రక్తం తీసి లేబరేటరీకి పంపేవారు. ఫలితం కోసం ఎదురు చూసేవాళ్లం. ఇప్పుడు చిన్న మిషన్లు వచ్చాయి. ఒక్క చుక్క రక్తం చాలు. సుగరు, మలేరియా, రక్తహీనత వంటివి మంచం దగ్గరే చూడవచ్చు.

ఇది మంచి సదుపాయమే. కానీ లేబరేటరీలో తప్పు జరిగితే పట్టుకునే మనిషి పక్కన ఉంటాడు. మంచం దగ్గర పరీక్ష చేసేవారు, మనం తప్ప ఎవరుంటారు? అందుకే నియమాలు మనకూ తెలియాలి.

ఒక సూది ఒక్కరికే

వాడిన సూదికి కంటికి కనపడనంత రక్తం అంటుకున్నా చాలు. హెపటైటిస్ బి అనే కాలేయ జబ్బు రావచ్చు. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో ఈ జబ్బు చాలామందికి సోకింది. ఇంజక్షన్ సూదులు, సిరంజిలు మళ్లీ మళ్లీ వాడటమే కారణం. ప్రాణాలు పోయాయి.

వేలు గుచ్చే సూదిని కొందరు పెన్నులాంటి దానిలో పెట్టి వాడతారు. సూది మార్చినా, ఆ పెన్ను పదిమందికీ వాడితే ప్రమాదమే. అమెరికాలో వృద్ధుల ఆశ్రమాల్లో అలాగే జబ్బు పాకింది. 2010లో అక్కడి ప్రభుత్వం, వేలు గుచ్చే పరికరం ఒక్కరికే వాడాలని హెచ్చరించింది.

సూదుల డబ్బా చూడండి. గుండ్రంలో 2 అంకె ఉంటుంది. దాని మీద అడ్డంగా గీత ఉంటుంది. "రెండోసారి వాడరాదు" అని అర్థం. ఇంగ్లీషు రాకపోయినా ఈ గుర్తు మనం చదవగలం.

వాడిన సూదిని చెత్తబుట్టలో పడేయకూడదు. 2016 నాటి ఆసుపత్రి చెత్త నియమాల ప్రకారం, సూది గుచ్చుకుపోని గట్టి తెల్ల డబ్బాలో వేయాలి.

డబ్బా మీద ఏం చూడాలి?

రక్తం చుక్క వేసే సన్నని పట్టీని స్ట్రిప్పు అంటారు. మిషనుకీ స్ట్రిప్పులకీ 2017లో వచ్చిన వైద్య పరికరాల నియమాలు వర్తిస్తాయి. డబ్బా మీద లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉండాలి. ఇసుక గడియారం బొమ్మ పక్కన ఉండేదే గడువు తేదీ. అది దాటితే వాడనివ్వకండి. మన ప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ. మూత తీసి ఉంచితే గడువులోపలే స్ట్రిప్పులు పాడవుతాయి.

అంకె ఎంతవరకు నిజం?

సుగరు మిషను లెక్క ఉజ్జాయింపు లెక్క. అసలు సుగరు 200 ఉంటే, మిషను 170 చూపినా 230 చూపినా ప్రమాణాల ప్రకారం చెల్లుతుంది. అందుకే సుగరు జబ్బు ఉందని మొదటిసారి తేల్చాలంటే లేబరేటరీలో పరీక్ష చేయించాలి. మిషను అంకె ఒక్కటే చూసి మందులు మొదలుపెట్టకూడదు.

బెల్లం ముట్టుకున్న వేలు గుచ్చితే సుగరు ఎక్కువ చూపుతుంది. చెయ్యి కడిగి, తడి లేకుండా తుడవాలి. వేలు గట్టిగా పిండకూడదు. రక్తంలో ఒంటి నీరు కలిసి లెక్క తప్పుతుంది.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములు ఉండాలి. 7 కంటే తగ్గితే ప్రాణాపాయం. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మిషను 12 చూపినా, కళ్లు పాలిపోయి ఆయాసం వస్తుంటే ఊరుకోకండి. మళ్లీ పరీక్ష చేయమని అడగండి.

మన హక్కులు

మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ఉంది. ప్రైవేటు ఆసుపత్రి, లేబరేటరీ ఏదైనా రిజిస్టరు చేయించుకోవాలి. పరీక్ష చేసేవారు ఎక్కడినుంచి వచ్చారో అడగండి. హెచ్ఐవి పరీక్ష మన అంగీకారం లేకుండా చేయకూడదు. ఫలితం పదిమందికీ చెప్పకూడదు. ఇది 2017 నాటి చట్టం.

తప్పు జరిగితే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి అర్జీ రాయవచ్చు. 2022 నుంచి మన పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం భీమవరం.

మళ్లీ ఆ ఇంటికి వద్దాం. మిషను 310 చూపింది. "నోటిమాట వద్దు బాబూ. పేరు, తేదీ, టైము, అంకె కాగితం మీద రాసివ్వు" అంది కోడలు. రాసింది తనే చదువుకుంది. ఆ కాగితం పట్టుకుని అత్తగారిని ఆటోలో పాలకొల్లు ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లింది.

"నీ చదువు నా కాలికి అక్కరకొచ్చిందే అమ్మాయ్!" అన్నారు అత్తగారు.

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో ఎవరికైనా వేలు గుచ్చి పరీక్ష చేశారా? కొత్త సూది మీ ముందే విప్పారా?

2. మందుల షాపులో స్ట్రిప్పుల డబ్బా అడిగి చూడండి. గడువు తేదీ చదివి పలక మీద రాయండి.