తొమ్మిది ఫిరంగుల నవాబు

ఇంగ్లండు రాజకుటుంబంలో ఎవరు డ్యూకు, ఎవరు ఎర్లు అని పేపర్లలో ఆసక్తిగా చదువుతాం గదా. అదే రాచకుటుంబం బిరుదుల కొలతతో కొలిచిన సంస్థానం మన కర్నూలు సీమలోనే ఒకటి ఉండేది. అది మామిడిపండు పేరుగానే మనలో చాలామందికి తెలిసిన బనగానపల్లె.

పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి మావైపు "నవాబు బిడ్డ మాదిరి తిరుగుతాండాడు" అంటారు. కానీ ఆ మాటకు మూలం అరబ్బీలోని 'నాయిబ్'. ఒకరి బదులు పనిచేసే ప్రతినిధి అని దాని అర్థం. అంటే తనకు పైన మరొక దొర ఉన్నాడనే ఒప్పుకోలు ఆ బిరుదులోనే ఉన్నదన్నమాట! ఇక్కడ ఆ పైదొర మొదట నైజాము. 1800లో కుంఫిణీవారు. అప్పటికి బనగానపల్లె ఏలిక జాగీర్దారే. 1876లో ఇంగ్లీషువారు ఆయనకు నవాబు బిరుదును వంశపారంపర్యంగా ఇచ్చారు. విక్టోరియా రాణికి కొత్త బిరుదు కోసం లండను పార్లమెంటు చట్టం చేసింది కూడా ఆ ఏడే. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆమెను హిందూదేశ చక్రవర్తినిగా చాటారు.

ఇక ఫిరంగుల లెక్క. చక్రవర్తికి 101, వైస్రాయికి 31, నైజాముకు 21. మద్రాసు ప్రెసిడెన్సీ కింది అయిదు సంస్థానాల్లో తిరువాన్కూరుకు 19, కొచ్చికి 17, పుదుక్కోటకు 11, మన బనగానపల్లెకు 9. పాపం, సండూరుకు ఒక్కటీ లేదు. రివాజు ప్రకారం పదకొండు, ఆపైన పేలితేనే 'హిజ్ హైనెస్'. రెండు ఫిరంగుల తక్కువతో మనవారికి ఆ ముచ్చట తీరలేదు!

ఈ వైభవమంతా ఎంత నేల మీద? 255 చదరపు మైళ్లు. 1901 లెక్కల్లో జనం 32,264. ఖజానాకు ఆధారం ముఖ్యంగా రైతు కట్టే శిస్తు. వానలు సరిగా పడని సీమలో అది ఎంతని వస్తుంది? లెక్కలు చెడిపోయాయని 1832 నుండి 1848 దాకా పాలనను ఇంగ్లీషువారే తీసుకున్నారు. 1905లో కొన్ని నెలలు ఖజానా మళ్లీ వారి చేతికే పోయింది. బిరుదు మాత్రం చెక్కుచెదరలేదు. సేద్యగాళ్ల ఇంట పుట్టినవాణ్ణి గనుక నాకు ఫిరంగి మోతకన్నా అందులోని మందు ఖరీదే ముందు గుర్తుకొస్తుంది.

బిరుదే రక్ష అనుకోవడానికీ లేదు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు కూడబెట్టాడని 1839లో కుంఫిణీవారు ఆయన్ను పట్టుకొని రాజ్యం కలుపుకున్నారు. ఎదురు తిరగని చిన్న బనగానపల్లె మిగిలింది.

1948 ఫిబ్రవరి 23న ఆ సంస్థానమూ మన దేశంలో కలిసిపోయింది. నాలుగు నెలలు తిరగకముందే, జూన్ 22న, ఆరవ జార్జి రాజు తన బిరుదుల్లోంచి 'హిందూదేశ చక్రవర్తి'ని తీసివేశాడు. ఇచ్చిన వంశమూ పుచ్చుకున్న వంశమూ ఒకే ఏట ఖాళీ అన్నమాట. మాజీ రాజులకు మిగిలిన గుర్తింపును, రాజభరణాలను 1971లో 26వ రాజ్యాంగ సవరణ తీసేసింది.

2017లో బనగానపల్లెకు మళ్లీ ఒక సర్కారు గుర్తింపు వచ్చింది. అది మామిడికి, భౌగోళిక గుర్తింపు. ఊరిబయటి నవాబు బంగళాలో 2009 నాటి 'అరుంధతి' సినిమా తీశారు. ఇప్పుడు చూడవచ్చేవారు దాన్ని అరుంధతి కోట అంటున్నారు.