పరభాషలో మర్యాదగా అడగడం

ఈ భాగం చదివిన తరువాత, మాతృభాషలోని మర్యాద పరభాషలోకి యథాతథంగా ఎందుకు చేరదో మీరు వివరించగలుగుతారు. సందర్భానికి తగిన అభ్యర్థన వాక్యాన్ని ఎంచుకోగలుగుతారు.

ఒక సన్నివేశాన్ని ఊహించుకోండి. మీరు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో చదువుకుంటున్నారు. మీకు కావలసిన పుస్తకం ఎదురుగా కూర్చున్న ఒక విదేశీ పరిశోధకుడి దగ్గర ఉంది. మీరు 'సర్, గివ్ మీ దట్ బుక్' అన్నారు. మీ మనసులో ఉన్న వాక్యం 'సార్, ఆ పుస్తకం ఇవ్వండి'. అందులో అమర్యాద ఏమీ లేదు. అయినా ఆయన నొచ్చుకోవచ్చు. ఎందుకు?

మర్యాద ఎక్కడ ఉంటుంది?

తెలుగులో మర్యాదను క్రియే మోస్తుంది. 'ఇవ్వు' అనే మాట 'ఇవ్వండి' కాగానే గౌరవం వచ్చి చేరుతుంది. ఇంగ్లిషులో 'గివ్' అనే క్రియకు అలాంటి గౌరవ రూపం లేదు. స్నేహితుడితో అన్నా, పెద్దవారితో అన్నా అది ఒకటే. చివర 'ప్లీజ్' చేర్చితే వాక్యం కొంత మెత్తబడుతుంది కాని, ఆజ్ఞగానే మిగులుతుంది. అందువల్ల ఇంగ్లిషు ఆజ్ఞను ప్రశ్నగా మారుస్తుంది: 'కుడ్ యూ పాస్ మీ దట్ బుక్, ప్లీజ్?' ఇక్కడ 'కుడ్' గతాన్ని చెప్పదు. వినేవారికి కాదనే వీలు ఇస్తుంది.

నారాయణగూడలో ఉర్దూ మాట్లాడే దుకాణదారుని 'పెన్ దీజియే' అని అడగడం మీకు సులువే. 'దో', 'దీజియే'ల మధ్య తేడా 'ఇవ్వు', 'ఇవ్వండి'ల మధ్య తేడా వంటిదే. మాతృభాషా ప్రభావం అక్కడ సాయపడుతుంది, ఇంగ్లిషులో అడ్డుపడుతుంది.

ఇది తెలుగువారికి మాత్రమే ఎదురయ్యే సమస్య కాదు. అశోక్ నగర్‌లో కోచింగ్ కోసం గది తీసుకున్న పరరాష్ట్ర విద్యార్థి, తోటివారి నోట విన్న 'చెప్పు', 'ఇవ్వు'లనే ఇంటి యజమానురాలి వద్ద వాడితే ఆమెకూ కష్టం కలుగుతుంది.

పొరపాటు ఫలితం

వ్యాకరణం తప్పితే 'ఈయనకు భాష ఇంకా రాలేదు' అనుకుంటారు. మర్యాద తప్పితే 'ఈయన స్వభావమే ఇంత' అనుకుంటారు. జెన్నీ థామస్ 1983లో ప్రచురించిన వ్యాసంలో ఈ తేడాను చూపారు. వ్యాకరణం బాగా వచ్చినవారికే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే వారు తెలిసే అలా అన్నారని వినేవారు భావిస్తారు.

ఎంత మర్యాద కావాలి?

పెనెలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ ఇంగ్లిషు, తమిళం, మెక్సికోలోని త్సెల్తాల్ భాషలను పరిశీలించారు. 1987లో పుస్తకంగా వెలువడిన తమ సిద్ధాంతంలో మూడు అంశాలు చెప్పారు: ఇద్దరి మధ్య పరిచయం ఎంత, ఎవరి స్థానం పైది, అడిగే పని ఎంత భారం. తోటి విద్యార్థిని పెన్ను అడగడానికి 'కెన్ ఐ బారో యువర్ పెన్?' చాలు. అధ్యాపకుణ్ణి మీ వ్యాసం దిద్దమని కోరేటప్పుడు ముందు కారణం చెప్పి, తరువాత 'కుడ్ యూ ప్లీజ్ లుక్ ఎట్ ఇట్ వెన్ యూ హావ్ టైమ్?' అనాలి. పెన్ను కోసం ఇంత పొడవైన వాక్యం వాడితే ఎగతాళిగా వినిపించవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'ఇవ్వండి' అనే పదానికి 'గివ్' ఎందుకు సమానం కాదు?
2. అధ్యయన కేంద్రంలోని కౌన్సెలర్‌ను ఒక సందేహం తీర్చమని తెలుగులోనూ ఇంగ్లిషులోనూ అడగండి. రెండు వాక్యాల్లోనూ మర్యాద ఏ మాటలో ఉందో గుర్తించండి.