హాలిబట్ చేప

చేపలకు సాధారణముగా తలకు చెరియొక ప్రక్కను ఒక్కొక్క కన్ను ఉండును. ఉత్తర పసిఫిక్ మహాసముద్రమునందలి హాలిబట్ చేపకు రెండు కన్నులును కుడిప్రక్కనే యుండును. ఇది పుట్టుకతో వచ్చినది కాదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల తక్కిన చేపపిల్లలవలెనే నిలువుగా ఈదును. సుమారొక అంగుళము పొడవు పెరుగునప్పటికి దాని యెడమకన్ను నెత్తిమీదుగా మెల్లగా జరిగి కుడికంటి చెంతకు చేరును. అటుపిమ్మట ఆ చేప ఎడమప్రక్కను నేలకానించి, బోర్లించిన చేటవలె సముద్రగర్భమున పడియుండును. పైప్రక్క బురదవన్నె, క్రిందిప్రక్క తెలుపు. పైనుండి చూచు శత్రువునకు అడుగుననున్న నేలయే కాని చేప కానరాదు.

ఈ జాతిలో ఆడుచేపలే పెద్దవి. ఎనిమిదడుగుల పొడవును, 500 పౌనుల బరువును మించినవియు కలవు. కాని వాని యెదుగుదల మిక్కిలి మందము. ఆడుచేప గ్రుడ్లు పెట్టు వయస్సునకు వచ్చుటకు ఇంచుమించు 12 సంవత్సరములు పట్టును. ఈ సంగతి మరువరాదు; తరువాతి చిక్కులన్నియు దీనినుండియే పుట్టినవి.

అలాస్కా, బ్రిటిష్ కొలంబియా తీరములందలి ట్లింగిట్, హైడా మున్నగు జాతులవారు అనాదిగా ఈ చేపను పట్టుచున్నారు. వారి గాలములు కొయ్యతో చేసినవి. వానికి ఎముక ముల్లు గట్టి, బొమ్మలు చెక్కెడివారు. మరీ చిన్న చేప నోటికి ఆ గాలము పట్టదు. ఎంత తెలివైన పనిముట్టు!

1888లో న్యూ ఇంగ్లండునుండి వచ్చిన ఓడలు ఇచట వ్యాపారమునకై వేట మొదలిడినవి. అప్పటికే రైలుమార్గము పసిఫిక్ తీరమునకు వచ్చియుండెను. మంచుగడ్డలలో పెట్టిన చేపలు తూర్పు నగరములకు పోసాగెను. కొలది దశాబ్దములలోనే దగ్గరి తావులు వట్టిపోయినవి. పడవలు దూరదూరములకు పోవలసివచ్చెను. అంతట 1923లో కెనడా, అమెరికా దేశములు ఒడంబడిక చేసికొని, శీతకాలమున మూడు నెలలు వేటను నిలిపివేసినవి. బ్రిటనుతో పనిలేక కెనడా తానై సంతకము చేసిన మొదటి సంధి యిదియే. అదియు ఒక చేప కొరకు!

అయినను పోటీ ఆగలేదు. చేపల మొత్తమునకు హద్దు పెట్టగా, ఎవరు ముందు పట్టిన వారిదే అయ్యెను. పడవలు పెరిగినకొలది వేటకాలము తరిగి, 1990 తరువాత అలాస్కాలో ఏడాదికి రెండు మూడు దినములకు దిగెను. ఆ దినమున తుపాను వీచినను జాలరులు కడలిలోనికి పోక తప్పదు. పట్టిన చేపలన్నియు ఒక్కమారుగా రేవున గుట్టలుపడెడివి. 1991లో కెనడా, 1995లో అలాస్కా, ఎవరి వాటా వారికి ముందుగనే నిర్ణయించినవి. వేటకాలము సుమారు ఎనిమిది నెలలకు పెరిగినది. జాలరి ఇప్పుడు వాతావరణము చూచుకొని బయలుదేరును. వ్యాపారపు వేటలో 32 అంగుళములకన్న పొట్టి చేప చిక్కినచో, దానిని గాయపరుపక గాలమునుండి తప్పించి నీట విడువవలెను.